గుండె ఆపరేషను తరువాత మొదటి ఆరు వారాలు: భోజనం సంగతి



మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతి మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే. పన్నెండేళ్ల ఆ పిల్ల లేచి నడిచింది. ఇంట్లో వాళ్లంతా ఆశ్చర్యంలో మునిగిపోయారు. ఆ సమయంలో యేసు ప్రభువు వారికి చెప్పిన సంగతుల్లో ఒకటి చాలా మామూలుగా వినిపిస్తుంది. ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నారు. అంత గొప్ప కార్యం జరిగిన ఇంట్లో అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆయనకు గుర్తుంది.

గుండె ఆపరేషను చేయించుకొని ఇంటికి వచ్చిన వారి ఇళ్లలో కూడా ఇలాంటి మరుపే జరుగుతుంది. అయితే మరచిపోవడం వల్ల కాదు, భయం వల్ల. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తరువాత మన పల్లెల నుంచి పెద్ద ఊళ్లకు వెళ్లి బైపాసు, వాల్వు ఆపరేషన్లు చేయించుకొన్న వారు ఎందరో ఉన్నారు. పెద్దాసుపత్రిలో వారం పది రోజులుండి ఇంటికి వస్తారు. కట్లు మార్పించుకోవడానికి, బి.పి. చూపించుకోవడానికి దగ్గరలోని మన ఆసుపత్రికి వస్తారు. మందుల చీటీ భద్రంగా ఉంటుంది. మాత్రలు వేళకు వేస్తారు. కానీ "ఏమి తింటున్నారు?" అని అడిగితే మాత్రం చాలా మంది నుంచి వచ్చే జవాబు ఒకటే: "పత్యం పెడుతున్నామండీ. రెండు ఇడ్లీలు, కాస్త బ్రెడ్డు, చారన్నం. పప్పు పెట్టడం లేదు, కోడిగుడ్డు పెట్టడం లేదు."

ఈ వ్యాసం ఆ పత్యం గురించే.

చీము పట్టేది పప్పు వల్ల కాదు

ఆపరేషను అయిన వారికి కందిపప్పు, వంకాయ, గోంగూర, చేప, గుడ్డు పెడితే పుండు చీము పడుతుందని మన ఊళ్లలో పాత నమ్మకం. ఇది ప్రేమతో చెప్పే మాటే గనుక తీసి పారేయడం కష్టం. అమ్మమ్మ చెప్పింది, పక్కింటి పిన్ని చెప్పింది, చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ చెప్పారు. కానీ చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. షుగరు అదుపులో లేకపోతే, గాయాన్ని మురికి చేతులతో ముట్టుకొంటే, తడి కట్టు అలాగే వదిలేస్తే, శరీరంలో శక్తి లేకపోతే ఆ క్రిములకు అవకాశం దొరుకుతుంది. పప్పుకు దీనితో సంబంధం లేదు. నిజానికి పప్పు మానిపించడమే గాయానికి అపకారం.

ఎందుకో చూద్దాం. ఆపరేషనులో రొమ్ము ఎముకను నిలువునా కోసి, లోపలి పని పూర్తయిన తరువాత స్టీలు తీగలతో మళ్లీ కలిపి బిగిస్తారు. బైపాసు వారికి కాలి నుంచి గాని చేతి నుంచి గాని రక్తనాళం తీస్తారు గనుక అక్కడ మరో గాయం ఉంటుంది. ఆ ఎముక అతకడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, పూర్తిగా గట్టిపడడానికి మూడు నెలలు. కొత్త చర్మం, కొత్త కండ, కొత్త ఎముక తయారు కావాలంటే ముడిసరుకు కావాలి. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక లేకుండా ఇసుక మాత్రమే తోలితే మేస్త్రి ఏమి చేయగలడు? శరీరానికి ఆ ఇటుకలే మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, కోడిమాంసం, సెనగలు, పెసలు, సోయా వీటిలో అవి ఉంటాయి. చారన్నంలో దాదాపు లేవు. భోజనం నుంచి అవి రాకపోతే శరీరం తన కండనే కరిగించుకొని వాడుకొంటుంది. అందుకే కొందరు ఆపరేషను బాగా జరిగినా నెల తరువాత చేతులు కాళ్లు పుల్లల్లాగా అయి, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోతారు. దానికి గుండెను నిందిస్తారు. చాలాసార్లు తప్పు కంచంలో ఉంటుంది.

ఎంత కావాలి? మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు కాస్త అటు ఇటుగా మాంసకృత్తులు సరిపోతాయి. ఆపరేషను నుంచి కోలుకొనేటప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు అవసరం. అంటే 60 కిలోల మనిషికి కనీసం 72 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు. వారు ఎంత తినాలో తమ డాక్టరు గారినే అడగాలి.

72 గ్రాములంటే భయపడనక్కర లేదు. మన వంటింట్లో ఉన్నవాటితోనే ఒక రోజు చూద్దాం. ఉదయం రెండు ఇడ్లీలు పప్పు ఎక్కువగా వేసిన సాంబారుతో (5 గ్రాములు), ఒక ఉడికించిన గుడ్డు (6). పది గంటలకు వెన్న తీసిన పాలు ఒక గ్లాసు (6). మధ్యాహ్నం చిన్న గ్లాసు బియ్యంలో సగం వండిన అన్నం (6), చిక్కని పప్పు కప్పు (7), రెండు చేప ముక్కలు (14), కప్పు పెరుగు (3). సాయంకాలం గుప్పెడు ఉడికించిన పెసలు గాని సెనగలు గాని (6). రాత్రి రెండు చపాతీలు (6), పెసరపప్పు కూర (7). పడుకొనే ముందు మళ్లీ పాలు (6). కూడితే 72. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. చేప తినని వారు గుడ్డులోని తెల్లసొన రెండు మూడు ఎక్కువ వేసుకోవచ్చు, లేదా సోయా ముక్కలు వాడవచ్చు. ముప్పై గ్రాముల సోయాలో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అది పేదవాడి మాంసం అనడం అతిశయోక్తి కాదు.

గుడ్డు తింటే కొలెస్ట్రాలు పెరుగుతుందని వెంటనే ఎవరో ఒకరు అంటారు. కోలుకొనే రోజుల్లో రోజుకు ఒక పూర్తి గుడ్డు చాలా మందికి హాని చేయదు. కొలెస్ట్రాలు మరీ ఎక్కువగా ఉన్నవారు, షుగరు ఉన్నవారు డాక్టరు గారిని అడిగి పసుపుసొన సంగతి తేల్చుకోండి. తెల్లసొనకు ఎవరి అనుమతీ అవసరం లేదు, మూత్రపిండాల రోగులకు తప్ప.

చేపల్లో బొచ్చె, కొరమీను, కానాగంత ఏదైనా మంచిదే. వేపుడు కాకుండా పులుసు గాని, పెనం మీద కొద్ది నూనెతో కాల్చినది గాని పెట్టండి. కోడి అయితే తోలు తీసి వండండి. మేకమాంసం, ముఖ్యంగా కొవ్వు, తలకాయ, బోటి ప్రస్తుతానికి ప్రక్కన పెట్టండి.

ఆకలి లేకపోతే

"మంచి మాటలు చెప్పారు గాని, ఆయన నోట్లో ముద్ద పెట్టుకోవడం లేదే" అంటారు ఇల్లాలు. నిజమే. ఆపరేషను తరువాత రెండు మూడు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ, ఆకలి ఉండదు. నోరు ఇనుము నాకినట్లు చేదుగా ఉంటుంది. తాలింపు వాసనకే కడుపు తిప్పుతుంది. మత్తుమందు, నొప్పి మాత్రలు, నిద్రలేమి, దిగులు అన్నీ దీనికి కారణాలే. ఇది తాత్కాలికం. తిననందుకు రోగిని కోప్పడవద్దు, "మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేస్తున్నావు" అని ఏడవవద్దు.

మూడు పెద్ద భోజనాలకు బదులు ఆరు చిన్న భోజనాలు పెట్టండి. పెద్ద కంచం నిండా అన్నం చూస్తేనే రోగికి దడ పుడుతుంది. చిన్న పళ్లెంలో నాలుగు ముద్దలు పెట్టి, ముందుగా గుడ్డు, పప్పు, చేప తినిపించి, మిగిలిన ఆకలి ఉంటే అన్నం పెట్టండి. మన అలవాటు దీనికి తలక్రిందులు. అన్నంతో కడుపు నింపి చివర కూర అంచుకు నంజుకొంటాం. వంట రోగి పడుకొన్న గదికి దూరంగా చేయండి. పొగలు కక్కే వేడికంటే గోరువెచ్చని భోజనానికి వాసన తక్కువ. తినే ముందు నోరు పుక్కిలించి పళ్లు తోమిస్తే చేదు కొంత తగ్గుతుంది. వాల్వు మార్చిన వారికి పళ్ల శుభ్రత మరీ ముఖ్యం, చిగుళ్ల నుంచి క్రిములు రక్తంలో చేరి కొత్త వాల్వును పాడుచేయగలవు.

తినేటప్పుడు కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వవద్దు.

ఈ మొదటి రెండు మూడు వారాల్లో నూనె, వెన్న విషయంలో మరీ పట్టింపుగా ఉండవద్దని నా సలహా. రోగి ఎండిపోతుంటే కొలెస్ట్రాలు లెక్కలు వేయడం సరి కాదు. ఒక చెంచా నెయ్యి వేస్తే పప్పన్నం తింటారనుకొంటే వేయండి. ఆకలి తిరిగి వచ్చాక, బరువు నిలబడ్డాక, అప్పుడు గుండెకు తగిన క్రమమైన ఆహారానికి మళ్లించండి. అప్పటి నుంచి మనిషికి రోజుకు మూడు నాలుగు చిన్న చెంచాల నూనె చాలు, అంటే నెలకు అర లీటరు. వేయించిన నూనె మళ్లీ కాచి వాడవద్దు. డాల్డా వద్దు. అన్ని రోజులూ ఒకే నూనె కాకుండా వేరుశెనగ, నువ్వుల, తవుడు నూనెలు మార్చి మార్చి వాడవచ్చు.

ఆవకాయ సంగతి

ఇక్కడే మన తెలుగువారికి అసలు పరీక్ష. గుండె జబ్బు వారికి ఉప్పు రోజంతటికీ ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. కొందరికి డాక్టరు గారు ఇంకా తగ్గించమంటారు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నీరు పెరిగితే ఇప్పుడే కోలుకొంటున్న గుండె ఆ బరువును తోడలేక కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది.

కూరలో ఉప్పు తగ్గించి, అంచుకు ఆవకాయ ముక్క పెడితే ఏమి ప్రయోజనం? ఒక పెద్ద చెంచా ఆవకాయలోనే రోజు ఉప్పులో మూడో వంతు వరకు ఉండవచ్చు. అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు, ఎండు రొయ్యలు, నిల్వ పచ్చళ్లు, కారప్పూస, ఉప్పు బిస్కట్లు ఇవన్నీ ఒకే గూటి పక్షులు. బేకరీ బ్రెడ్డులో కూడా ఉప్పు ఉంటుంది. పత్యం పేరుతో మూడు పూటలా బ్రెడ్డు పెట్టేవారు ఇది గమనించాలి. పొట్ట ఉబ్బరమని నీళ్లలో పొంగే పొడి కలిపి తాగుతారే, దానిలోనూ సోడియం ఎక్కువ. రొమ్ములో మంటను గ్యాసు అని మీరే తీర్మానించుకొని ఆ పొడి మీద ఆధారపడడం వేరే ప్రమాదం.

అలాగని ఉప్పు పూర్తిగా మానిపించవద్దు. చప్పిడి కూడు పెడితే ఉన్న ఆకలి కూడా పోతుంది. పైగా నీరు పోయే మాత్రలు వేసుకొనే వృద్ధులకు రక్తంలో సోడియం మరీ పడిపోయి మగతగా, మతిమరుపుగా అవుతారు. మధ్యే మార్గం ఇది: ఉదయమే రోగికి ముప్పాతిక చెంచా ఉప్పు చిన్న గిన్నెలో తీసి పెట్టండి. ఆ రోజు వారి కూరలో, పప్పులో, చారులో అన్నింటికీ అదే. గిన్నె ఖాళీ అయితే ఇక లేదు. అన్నం, చపాతీ పిండి, మజ్జిగ, ఇవి ఉప్పు లేకుండానే. రుచికి నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కొత్తిమీర, కాస్త చింతపండు వాడండి. నిమ్మరసం పిండితే ఉప్పు తక్కువైనట్లు నాలుకకు అంతగా తెలియదు. ఇంట్లో అందరికీ అదే కూర వండి, కావలసిన వారు పైన చల్లుకొంటే వంట చేసేవారికి రెండు పనులు తప్పుతాయి. మిగతా వారి బి.పి.కి కూడా మేలే.

దుకాణాల్లో దొరికే "తక్కువ సోడియం ఉప్పు" డాక్టరు గారిని అడగకుండా కొనవద్దు. దానిలో సోడియంకు బదులు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మాత్రలు, నీటి మాత్రలు వేసుకొనే వారికి పొటాషియం పెరిగితే గుండె కొట్టుకొనే తీరే చెడిపోతుంది. కొబ్బరినీళ్లకూ ఇదే జాగ్రత్త. రోగిని చూడడానికి వచ్చినవారు తలొక బోండాం తెస్తే రోజుకు మూడు నాలుగు తాగించడం మంచి పని కాదు.

నీళ్ల కొలత

అందరికీ నీళ్లు తగ్గించనవసరం లేదు. డిశ్చార్జి కాగితంలో "రోజుకు ఒకటిన్నర లీటరు" అని రాసి ఉంటే మాత్రం అందులో కాఫీ, పాలు, మజ్జిగ, చారు, జావ, పుచ్చకాయ అన్నీ లెక్కే. సులువైన పద్ధతి ఒకటుంది. ఉదయం ఒకటిన్నర లీటరు నీళ్లు సీసాల్లో పట్టి పెట్టండి. రోగి కాఫీ తాగితే అంత నీరు సీసాలో నుంచి మొక్కకు పోయండి. సీసా ఖాళీ అయ్యేసరికి రాత్రి కావాలి.

రోజూ ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి పుస్తకంలో రాయండి. ఒక్క రోజులో కిలోకు పైన, లేదా వారంలో రెండు కిలోలకు పైన పెరిగితే అది భోజనం వల్ల వచ్చిన ఒళ్లు కాదు, నీరు. సంతోషించకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

మలబద్ధకం

సిగ్గుపడి చెప్పని బాధ ఇది. నొప్పి మాత్రలు, ఇనుము మాత్రలు, కదలకుండా పడుకోవడం వల్ల మలం గట్టిపడుతుంది. ముక్కితే బి.పి. పెరుగుతుంది, రొమ్ము ఎముక మీద ఒత్తిడి పడుతుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, చిక్కుడు, జామపండు, బొప్పాయి, అరటిపండు, పొట్టుతో పెసలు, గోధుమ రొట్టె ఇవి సాయపడతాయి. షుగరు ఉన్నవారు పండ్లలో జామ, బొప్పాయి కొద్దిగా. దానితోపాటు రోజూ డాక్టరు చెప్పినంత నడక. మూడు రోజులైనా కాకపోతే మందు అడగండి, కూర్చొని ముక్కవద్దు.

ఇనుము మాత్రలు వేసుకొంటే మలం నల్లగా వస్తుంది, అది మామూలే. కానీ తారులాగా జిగటగా, దుర్వాసనతో వస్తే కడుపులో రక్తం కారుతున్న గుర్తు కావచ్చు. ఇనుము మాత్రకు ముందు వెనుక గంట సేపు కాఫీ, టీ ఇవ్వవద్దు, అవి ఇనుమును ఒంటపట్టనివ్వవు.

షుగరు ఉన్నవారు

ఆపరేషను ఒత్తిడికి షుగరు పెరుగుతుంది. ఇంతకుముందు మాత్రలతో సరిపోయిన వారికి కూడా కొన్ని వారాలు ఇన్సులిను అవసరం కావచ్చు. భయపడవద్దు, చాలా మందికి తరువాత తగ్గిస్తారు. షుగరు ఎక్కువగా ఉంటే గాయం మానదు, ఇది ఖాయం.

రాగి జావ షుగరుకు మంచిదని చెంబులకొద్దీ తాగే వారున్నారు. రాగులు మంచివే గాని పల్చగా కాచి తాగిన జావ త్వరగా రక్తంలోకి చేరి షుగరును పెంచుతుంది. అదే పిండి రొట్టె చేసి పప్పుతో తింటే మేలు. అన్నం మానేయనక్కర లేదు, కప్పు కొలిచి పెట్టి పక్కన కూర, పప్పు పెంచండి. హార్లిక్సు వంటి పొడుల్లో, గ్లూకోజు పొడిలో చక్కెర ఉందని మరువవద్దు.

రెండో వైపు ప్రమాదం కూడా ఉంది. ఆకలి లేక సగమే తిని, ఇన్సులిను మాత్రం పూర్తిగా వేసుకొంటే షుగరు పడిపోతుంది. గుండె వేగం తగ్గించే మాత్రలు వేసుకొనే వారికి ఆ సమయంలో దడ తెలియకపోవచ్చు. చెమటలు పట్టడం, వణుకు, తికమక మాటలు గమనించండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తరువాత మళ్లీ చూసి, తేరుకొన్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకొని రండి.

వాల్వు మార్చిన వారికి ఆకుకూరలు

లోహపు వాల్వు పెట్టిన వారికి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గాని అసిట్రోమ్ గాని జీవితాంతం ఇస్తారు. ఈ మాత్ర విటమిన్-కె పనిని అడ్డుకొంటుంది. ఆకుకూరల్లో విటమిన్-కె సమృద్ధిగా ఉంటుంది. ఇంతవరకు విని చాలా మంది "అయితే ఆకుకూరలు నిషేధం" అని తీర్మానించుకొంటారు. అది పొరపాటు.

డాక్టరు గారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చూసి మీ మాత్ర మోతాదు నిర్ణయిస్తారు. ఆ పరీక్ష రోజుల్లో మీరు ఎలా తింటున్నారో దానికి తగిన మోతాదు అది. ఆ తరువాత ఆకుకూరలు హఠాత్తుగా మానేస్తే మాత్ర పని ఎక్కువై చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, మూత్రంలో రక్తం రావచ్చు. వానాకాలం పెరట్లో తోటకూర, మునగాకు బాగా వచ్చాయని వారమంతా అవే తింటే మాత్ర పని తగ్గి వాల్వు మీద రక్తం గడ్డకట్టవచ్చు. అది ప్రాణానికే ముప్పు. కాబట్టి చేయవలసింది మానడం కాదు, సమంగా తినడం. వారానికి రెండుసార్లు ఒక కప్పు తినే అలవాటు ఉంటే ప్రతి వారం అంతే తినండి. తాలింపులో కరివేపాకు, పైన చల్లిన కొత్తిమీర గురించి బెంగపడవద్దు.

జ్వరం వచ్చి నాలుగు రోజులు సరిగా తినకపోయినా, వేరే డాక్టరు యాంటిబయాటిక్ ఇచ్చినా ఐ.ఎన్.ఆర్. మారిపోతుంది. అప్పుడు పరీక్ష ముందుగానే చేయించాలి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో మందుల దుకాణంలో నొప్పి బిళ్లలు అడిగి వేసుకోవద్దు. నాటు మందులు, బలానికి పసరులు అసలే వద్దు. పంపర పనస జాతి పండ్లు కొన్ని గుండె మందులతో పడవు, తినే అలవాటు ఉంటే మీ మాత్రల చీటీ చూపించి అడగండి.

పొగాకు, చుట్ట, గుట్కా, సారా గురించి ఒక్క మాటే: వద్దు.

ఉపవాసం గురించి

ఇది సంఘ కుటుంబాలకు ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆపరేషను మేలుగా జరిగితే నలభై రోజులు ఉపవాసం ఉంటానని మొక్కుకొన్న వారు మనలో ఉన్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శ్రమల దినాలు ఎన్నో ఏళ్లుగా తప్పకుండా పాటించిన తల్లులున్నారు. వారి భక్తిని గౌరవిస్తూనే చెప్పాలి: గాయం మానే వరకు రోగి ఉపవాసం ఉండకూడదు. ఒక పూట మానితే ఏమవుతుందని అనుకోవద్దు. మాత్రలు ఖాళీ కడుపున పడతాయి, యాస్పిరిన్ కడుపును పుండు చేస్తుంది, షుగరు పడిపోతుంది. నీళ్లు కూడా తాగకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో తుపానులో చిక్కుకొన్న ఓడలోని వారు పద్నాలుగు రోజులు సరిగా తినలేదు. పౌలు వారిని భోజనం చేయమని బ్రతిమాలాడు, అది వారి ప్రాణరక్షణకు అవసరమని చెప్పాడు. తాను రొట్టె పట్టుకొని, అందరి ఎదుట దేవునికి కృతజ్ఞత చెప్పి ముందుగా తిన్నాడు. ఉపవాసం విలువ తెలియనివాడు కాదు పౌలు. మీ పాస్టరు గారితో మాట్లాడండి. రోగి బదులు ఇంట్లో ఆరోగ్యవంతులు ఉపవాసముండి ప్రార్థించవచ్చు, రోగి తన మొక్కును కోలుకొన్న తరువాత మరో విధంగా చెల్లించవచ్చు.

ప్రభురాత్రి భోజన సంస్కారంలో తీసుకొనే కొద్దిపాటి ద్రాక్షారసం వల్ల భయం లేదు. అయితే ఆదివారం ఆరాధన ఒంటిగంట దాటడం మనకు కొత్త కాదు. మందిరానికి వెళ్లే స్థితికి వచ్చాక, షుగరు మాత్రలు వేసుకొనే వారు సంచిలో జామపండు గాని, ఉడికించిన సెనగలు గాని ఉంచుకొని పదకొండు గంటలకు తినండి. ప్రసంగం మధ్యలో తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

చూడడానికి వెళ్లేవారు స్వీట్లు, కూల్‌డ్రింకులు తీసుకుపోవద్దు. డజను కోడిగుడ్లు, కిలో పెసలు, అరటిపండ్లు మంచి కానుకలు. స్త్రీల సమాజం వారు వారంలో ఒక్కో ఇంటివారు వంతు వేసుకొని ఉప్పు తక్కువగా వండి పంపితే మరీ మంచిది.

రోగి ఇంటి ఇల్లాలే అయితే

మగవారికి ఆపరేషను అయితే ఇంటిల్లపాదీ సేవ చేస్తారు. అదే తల్లికో కోడలికో అయితే పదిహేను రోజులకే పొయ్యి దగ్గర కనబడతారు. ఎవరూ పొమ్మని అనరు, కానీ ఎవరూ ఆపరు. రొమ్ము ఎముక అతికే వరకు నాలుగైదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాసు బండ, పిండి రుబ్బే రాయి, బోరింగు పంపు కొట్టడం ఇవన్నీ నిషేధం. అన్నం గిన్నె రెండు చేతులా వంచి గంజి వార్చడం చాలా మందికి తట్టని ప్రమాదం. కూర్చొని కూరగాయలు తరగవచ్చు, ఏమి వండాలో చెప్పవచ్చు.

మరొక సంగతి. మన ఇళ్లలో ఆడవారు చివర తింటారు, మిగిలింది తింటారు. గుడ్డు, చేప ముక్క, పాలు అప్పటికి మిగలవు. ఈ మూడు నెలలైనా ఆమె కంచం ముందు పెట్టండి. రక్తహీనత ముందే ఉన్న స్త్రీకి ఆపరేషనులో మరికొంత రక్తం పోయి ఉంటుంది. పప్పు, ఆకుకూర మీద నిమ్మరసం పిండి పెడితే వాటిలోని ఇనుము బాగా ఒంటపడుతుంది. భర్తలు, కుమారులు ఇది చదివి వదిలేయకుండా ఆమె పక్కన కూర్చొని తినే వరకు చూడండి.

ఎప్పుడు వెంటనే రావాలి

గాయం ఎర్రబడినా, చీము గాని నీరు గాని కారినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, దగ్గినప్పుడు రొమ్ము ఎముక కటకటమని కదిలినట్లు అనిపించినా ఆలస్యం చేయవద్దు. పడుకొంటే ఆయాసం రావడం, కాళ్ల వాపు రోజురోజుకీ పెరగడం, రెండు రోజులు ఏమీ తినలేకపోవడం, వేసిన మాత్రలు వాంతి కావడం కూడా అలాంటివే. రొమ్ములో కొత్తగా నొప్పి, చెమటలు, మాట తడబడడం, ఒక చేయి బలహీనపడడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా 108కు ఫోను చేయండి.

తిరిగి పరీక్షకు వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, మాత్రల అట్టలు, బరువు రాసిన పుస్తకం తెండి. దానితోపాటు ముందు మూడు రోజులు రోగి ఏమేమి, ఎంతెంత తిన్నారో ఒక కాగితం మీద రాసి తెండి. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. ఆవకాయ తిన్నది కూడా దాచకుండా రాయండి.